మింటి మారుపలుకు

భద్రాచలం దాటి గోదావరి దిగువకు సాగి పాపికొండల నడుమ ఇరుకుదారిలో ప్రవేశించిన తరువాత, పడవలోని వారు కేక వేస్తే ఆ కేక కొండను తాకి తిరిగి వస్తుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కేకకూ దాని మారుపలుకుకూ నడుమ రెండు సెకన్లు గడిచినవంటే పోను ఒక సెకను, రాను ఒక సెకను. కొండ 340 మీటర్ల దూరాన ఉన్నదన్నమాట. కొలతగొలుసు లేకుండా, కూర్చున్నచోటు నుండి కదలకుండా దూరం తెలిసిపోయినది.

రేడార్ అనే యంత్రం చేసే పని కూడా ఇంతే. ధ్వనికి బదులుగా అది రేడియో తరంగాన్ని తునకలు తునకలుగా పంపుతుంది. రేడియో తరంగానిది కాంతివేగం. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. పంపిన తునక సెకనులో వెయ్యవ వంతు కాలానికి తిరిగి వచ్చినదంటే, దానిని మరలించినది 150 కిలోమీటర్ల దూరాన ఉన్నదని లెక్క. విమానం నుండి మారుపలుకు వచ్చినదంటే మనకు ఆశ్చర్యం లేదు. అది లోహపు వస్తువు. వానచినుకుల నుండి వచ్చినా ఆశ్చర్యం లేదు. మచిలీపట్నంలోను, విశాఖపట్నంలోను ఉన్న తుపాను రేడార్లు చూచేది ఆ చినుకులనే. కాని మబ్బుతునక అయినా లేని నిర్మలాకాశం నుండి, అందులోను గాలి ఉన్నదా లేదా అన్నంత పలుచబడిన ఎత్తుల నుండి మారుపలుకు రావడం ఎట్లా? వచ్చిన మారుపలుకు ఒకనాడు గట్టిగాను, మరునాడు బలహీనంగాను, కొన్ని వేళల అసలే లేకుండాను ఉండడానికి కారణమేమి? ఈ వ్యాసంలో విచారించదలచినది ఈ ప్రశ్నలను.

మీడియం వేవ్ రేడియో పెట్టెలు ఇంటింటా ఉన్న కాలంలో ఖమ్మం నుండి చర్ల, వెంకటాపురం వరకు అడవి పల్లెలలోని శ్రోతలకు ఒక అనుభవం ఉండేది. పగలు దగ్గరి కేంద్రాలు మాత్రమే పలికేవి. చీకటి పడిన తరువాత ఏ దూరదేశపు కేంద్రమో వచ్చి, పగలు స్పష్టంగా వినిపించిన కేంద్రం మీద కలియబడేది. పెట్టె మారలేదు, తీగ మారలేదు, మారినది ఆకాశం. భూమికి 60 కిలోమీటర్ల ఎత్తు నుండి పైన సూర్యకిరణాల తాకిడికి గాలిలోని అణువుల నుండి ఎలక్ట్రాన్లు విడివడుతవి. ఈ విద్యుత్ పొరల సముదాయానికి అయనావరణమని పేరు. అందులో అన్నిటికంటె దిగువ పొర పగటివేళ మీడియం వేవ్ తరంగాలను పీల్చివేస్తుంది. సూర్యాస్తమయంతో ఆ పొర కరగిపోతుంది. తరంగాలు ఇంకా పైకి పోయి, అక్కడి పొరలు మరలించగా వందల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతవి. సిలోను నుండి వచ్చిన తెలుగు పాటలు మన అడవి అంచున వినబడినది కూడా ఈ మింటి కప్పు పుణ్యమే. అవి షార్ట్ వేవ్ మీద వచ్చేవి. కొత్తగూడెం ఆకాశవాణి వంటి ఎఫ్.ఎం. కేంద్రాల తరంగాలు ఇందుకు భిన్నమైనవి. వాటి పౌనఃపున్యం చాలా ఎక్కువ కావడం వలన సాధారణంగా ఈ కప్పును చీల్చుకుని అంతరిక్షంలోకి పోతవి. అందుచేతనే కొండ చాటున ఉన్న పల్లెకు ఎఫ్.ఎం. ప్రసారం అందడం కష్టమవుతుంది. నేలమీది దారి మూసుకుపోతే ఆకాశం దారి దానికి లేదు.

ఈ కప్పు ఉన్నదని ప్రయోగపూర్వకంగా నిరూపించినది ఇంగ్లండులో ఆపిల్టన్. అది 1924వ సంవత్సరం. మరుసటి ఏడు అమెరికాలో బ్రైట్, ట్యూవ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రేడియో తరంగాన్ని తునకలుగా పైకి పంపి, మారుపలుకు రావడానికి పట్టిన కాలాన్ని బట్టి ఎత్తును కొలిచారు. రేడార్ అనే పేరు పుట్టక పూర్వమే రేడార్ పని ఆకాశం మీద ఆరంభమైనదని చెప్పవచ్చును. మన దేశంలో కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్రా ఈ శాస్త్రానికి పునాది వేశారు. ఆంధ్రదేశంలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావుగారు అయనావరణ పరిశోధనను నెలకొల్పి, శిష్యులను తయారుచేశారు.

అయనావరణం తరంగాన్ని అద్దం వలె మరలిస్తుంది. అది ఒక విధం. అంత పౌనఃపున్యం లేని తరంగాలకే అది వర్తిస్తుంది. అద్దాన్ని చీల్చుకుని పోయే తరంగానికి కూడా పరమాణువంత మారుపలుకు ఉంటుందనీ, దానిని పట్టుకోగలిగితే పై ఎత్తులలోని గాలి నడకను తెలుసుకొనవచ్చుననీ తరువాతి తరంవారు గ్రహించారు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో హికమార్కా అనే చోట ఉన్న పెద్ద రేడార్‌తో వుడ్‌మన్, గియెన్ అనువారు ఈ సంగతిని 1974లో ప్రకటించిన వ్యాసంలో నిరూపించారు. ఆ కోవకు చెందిన మహాయంత్రం ఒకటి మన తెలుగునాటనే ఉన్నది. భద్రాచలం నుండి పక్షిమార్గాన దక్షిణంగా సుమారు 500 కిలోమీటర్లు పోతే, తిరుపతి నుండి చిత్తూరు వెళ్ళే దారిలో, కొండల నడుమ గాదంకి అనే గ్రామం వస్తుంది. అక్కడ 1992లో జాతీయ సౌకర్యంగా నెలకొన్న సంస్థ నేడు అంతరిక్ష శాఖ ఆధ్వర్యంలో జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల అనే పేరుతో పనిచేస్తున్నది.

గాదంకి రేడార్‌ను చూడబోయినవారికి గిరగిర తిరిగే గిన్నె కనిపించదు. 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు గల మైదానంలో, అనగా నాలుగెకరాల పైచిలుకు నేలలో, వరుసకు 32 చొప్పున 32 వరుసలు, మొత్తం 1,024 ఏంటెనాలు నాటిన పైరు వలె నిలబడి ఉంటవి. ఏంటెనాలు కదలవు. ఒక్కొక్కదానికి తరంగాన్ని అందించే క్షణంలో స్వల్పమైన తేడా కల్పించి కిరణపుంజాన్ని కోరిన దిక్కుకు వంచుతారు. అది పనిచేసే పౌనఃపున్యం 53 మెగాహెర్ట్జ్. తరంగ దైర్ఘ్యం దాదాపు 5.7 మీటర్లు. మొదట నిర్మించినప్పుడు దాని గరిష్ఠ శక్తి రెండున్నర మెగావాట్లు. ఇంత శక్తిని వెదజల్లి అది తిరిగి అందుకునేది ఊహకందనంత స్వల్పం. అందుచేత ఒక్క మారుపలుకును నమ్మరు. వరుసగా వచ్చే ఎన్నో మారుపలుకులను కలిపి చూస్తే గాని సంకేతం సడిలో నుండి పైకి తేలదు.

ఇక అసలు ప్రశ్న. స్వచ్ఛమైన గాలి తరంగాన్ని ఎందుకు మరలించాలి? గాలి అంతటా ఒకే తీరున ఉన్నట్లయితే మరలించదు. కాని గాలి అట్లా ఉండదు. ఒకచోట వేడి, పక్కన చలువ. ఒక పొరలో తేమ, మరొక పొరలో పొడి. పై ఎత్తులలో ఒకచోట ఎలక్ట్రాన్లు దట్టం, మరొకచోట పలుచన. రేడియో తరంగం ఒక తీరు గాలిలో నుండి మరొక తీరు గాలిలోకి అడుగుపెట్టినప్పుడల్లా రవ్వంత వెనుకకు చెదరుతుంది. ఆ రవ్వలన్నీ కలిసిరావాలి. అడవిలో పెద్ద దుంగను లాగే కూలీలను చూడండి. పదిమంది పది క్షణాలలో తాడు లాగితే దుంగ కదలదు. హైలెస్సా అని ఒక్క ఊపున లాగితే కదలుతుంది. అదే విధంగా, గాలిలోని హెచ్చుతగ్గులు తరంగ దైర్ఘ్యంలో సరిగా సగం దూరానికి ఒకటి చొప్పున వరుసతీరి ఉన్నప్పుడు, వాటినుండి చెదరిన తరంగాలన్నీ ఒక్క ఊపున వెనుకకు వస్తవి. గాదంకి రేడార్‌కు ఆ సగం దూరం 3 మీటర్ల కంటె కొంచెం తక్కువ. కాబట్టి ఆ రేడార్‌కు కనిపించేది గాలి కాదు. గాలిలో ఇంచుమించు 3 మీటర్ల ఎడంతో ఉన్న నలుగుళ్ళు మాత్రమే. ఈ ఒక్క మాట మనసులో ఉంచుకుంటే తక్కినదంతా సుబోధకమవుతుంది.

నేలకు దగ్గరగా ఉన్న ఐదారు కిలోమీటర్ల గాలిలో నలుగుళ్ళను పెంచే ముఖ్యవస్తువు నీటి ఆవిరి. వర్షకాలంలో తేమ ఎక్కువ, మారుపలుకూ గట్టిది. పైకి పోయినకొలదీ తేమ తరుగుతుంది, గాలి సాంద్రత తరుగుతుంది, దూరం పెరుగుతుంది. మూడూ కలిసి మారుపలుకును తగ్గిస్తవి. అయితే 16, 17 కిలోమీటర్ల ఎత్తున అది తిరిగి పుంజుకుంటుంది. అంతవరకు పైకి పోయినకొద్దీ చల్లబడుతూ వచ్చిన గాలి అక్కడ చల్లబడడం మాని, ఆపైన వేడెక్కనారంభిస్తుంది. ఆ సరిహద్దున గాలి పొరలు పొరలుగా పరచుకుని ఉంటుంది. రేడార్ నిట్టనిలువుగా చూస్తే ఆ పొరలు పరచిన పలకల వలె తరంగాన్ని నేరుగా వెనుకకు పంపుతవి. కాస్త పక్కకు వంగి చూస్తే ఆ బలం కనబడదు. అనగా ఆకాశం అదే, ఎత్తు అదే. చూచే కోణాన్ని బట్టి మారుపలుకు మారిపోయినది.

నలుగుళ్ళను కల్పించేది గాలి సుడులు. రెండు గాలిపొరలు వేర్వేరు వేగాలతో ఒకదానిమీద ఒకటి జారినప్పుడు సుడులు పుడతవి. నైరుతి రుతుపవన కాలంలో దక్షిణ భారతం మీద 14 నుండి 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుండి పడమరకు మహావేగంగా ఒక గాలి ప్రవాహం సాగుతుంది. దాని వేగం గంటకు వంద కిలోమీటర్లను మించడం వింత కాదు. నేలకు దగ్గర వీచే నైరుతి గాలికి అది ఎదురు దిక్కు. ఆ ప్రవాహపు పై అంచున, కింది అంచున గాలి ఒరుసుకుని సుడులు పుట్టి మారుపలుకును పెంచుతవి. ఆ మారుపలుకు వట్టిది కాదు. కొత్తగూడెం వైపు వచ్చే రైలు దగ్గరవుతున్నప్పుడు కూత సన్నగాను, దూరమవుతున్నప్పుడు బొంగురుగాను వినిపించినట్లు, గాలితో కొట్టుకుపోతున్న నలుగుళ్ళ నుండి వచ్చే తరంగపు పౌనఃపున్యంలో తేడా వస్తుంది. దానిని బట్టి గాలి ఏ దిక్కుకు, ఎంత వేగంతో పోతున్నదో ఎత్తు ఎత్తుకూ లెక్కకట్టుతారు.

25 కిలోమీటర్లు దాటిన తరువాత సుమారు 60 కిలోమీటర్ల వరకు రేడార్‌కు దాదాపు నిశ్శబ్దం. అక్కడ గాలి లేదా? ఉన్నది. కదలిక లేదా? అదీ ఉన్నది. కాని మారుపలుకుకు కావలసిన సరుకు లేదు; తేమ లేదు, సాంద్రత చాలదు, ఎలక్ట్రాన్లు ఇంకా పుట్టలేదు. ఈ మేరను తెలుసుకొనడానికి గాదంకిలో రాత్రివేళ లేజర్ కాంతిని పైకి పంపే లైడార్ అనే మరొక పరికరాన్ని నెలకొల్పారు. కాంతికి గాలి అణువులే చాలును. ఒక పరికరానికి మూగగా ఉన్న ఆకాశం మరొక పరికరానికి మాటలాడినది.

65 కిలోమీటర్ల నుండి 85 కిలోమీటర్ల వరకు మారుపలుకు మరల మొదలవుతుంది. కాని పగలు మాత్రమే. అక్కడ నలుగుళ్ళకు రంగు అద్దేది సూర్యుడు పుట్టించిన ఎలక్ట్రాన్లు. పొద్దు గుంకగానే అవి అణువులతో కలిసిపోతవి, మారుపలుకు మాయమవుతుంది. మీడియం వేవ్ రేడియో రాత్రివేళ దూరపు కేంద్రాలను పట్టడానికీ, గాదంకి రేడార్‌కు ఈ ఎత్తులు రాత్రివేళ కనబడకపోవడానికీ మూలం ఒక్కటే. సుడులు రాత్రి కూడా తిరుగుతూనే ఉంటవి. వాటిని చూపించే దీపం ఆరిపోయినది.

వంద కిలోమీటర్ల దరిదాపులకు వచ్చేసరికి కొత్త యజమాని ప్రవేశిస్తాడు. అది భూమి అయస్కాంతశక్తి. అక్కడి ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖలను విడిచి అడ్డంగా పోలేవు. కాబట్టి నలుగుళ్ళు ఆ రేఖల వెంట వెదురుబొంగుల వలె సాగి ఉంటవి. వెదురుబొంగు కొస వైపు నుండి చూస్తే కంటికి ఆననంత చిన్నది. అడ్డంగా చూస్తేనే దాని నిడివి తెలుస్తుంది. రేడార్ కిరణం అయస్కాంత రేఖకు లంబంగా తగిలితేనే గట్టి మారుపలుకు వస్తుంది. గాదంకి వద్ద ఆ రేఖలు ఉత్తరానికి కొద్దిగా కిందికి వాలి ఉంటవి. అందుచేత అక్కడివారు కిరణాన్ని నడినెత్తి నుండి సుమారు 13 డిగ్రీలు ఉత్తరానికి వంచుతారు. నడినెత్తినే చూస్తూ కూర్చుంటే ఆ అలజడి కనబడక, ఆకాశం ప్రశాంతంగా ఉన్నదని వ్రాసుకోవలసి వచ్చేది.

150 కిలోమీటర్ల దగ్గర పగటిపూట వచ్చే ఒక మారుపలుకు చాలాకాలం శాస్త్రజ్ఞులను తికమక పెట్టినది. హికమార్కాలో 1960లలో మొదట కనిపించిన ఈ మారుపలుకు గాదంకిలో కూడా కనిపించినది. ఉదయం ఎత్తు నుండి మధ్యాహ్నానికి దిగి, సాయంత్రానికి తిరిగి పైకి పోతూ, పటం మీద మెడలోని హారం వలె ఒంపు తిరుగుతుంది. సూర్యకాంతి విడగొట్టిన వేగవంతమైన ఎలక్ట్రాన్లే దీనికి మూలమనే వివరణ ఇటీవలి సంవత్సరాలలో బలపడినది. వినిపించిన మాటకు అర్థం తెలియడానికి అర్ధశతాబ్దం పైన పట్టినది.

రాత్రి ఆకాశం మరొక కథ. సూర్యాస్తమయానంతరం అయనావరణపు దిగువ భాగం త్వరగా పలుచబడి, దట్టమైన భాగం పైన నిలిచి ఉంటుంది. బరువైనది పైన, తేలికైనది కింద ఉంటే ఆ ఏర్పాటు నిలువదు. కింది పలుచన భాగం బుడగలుగా చీల్చుకుని వందల కిలోమీటర్ల ఎత్తుకు లేస్తుంది. అప్పుడు గాదంకి రేడార్ పటం మీద పొగమంటల వంటి ఆకారాలు నిలుస్తవి. మార్చి, సెప్టెంబరు నెలల దగ్గర, అందులోను సూర్యుని మీద మచ్చలు ఎక్కువగా ఉన్న సంవత్సరాలలో, ఇవి అధికం. 2024 మేలో వచ్చినటువంటి సౌర తుపానులు ఈ వరుసనంతా తారుమారు చేయగలవు.

ఇవన్నీ ఆకాశంలోని కారణాలు. ఇవిగాక వినేచోట ఉన్న కారణాలు కొన్ని కలవు. 53 మెగాహెర్ట్జ్ దగ్గర పాలపుంత నుండి వచ్చే రేడియో సడి గణనీయమైనది. పాలపుంత నెత్తిమీదికి వచ్చినవేళ ఆ సడి హెచ్చి, బలహీనమైన మారుపలుకు అందులో మునిగిపోతుంది. మారుపలుకు తగ్గలేదు, సంత పెరిగినది. విమానాలు, మెరుపులు, చుట్టూ ఉన్న కొండలు తమ తమ మారుపలుకులను జొప్పిస్తవి. ఉల్కలు కాలిపోతూ విడిచిన చారలు క్షణకాలం తళుక్కుమంటవి. భూమి ముందుకు దూసుకుపోయే ముఖం వైపు మనముండేది తెల్లవారుజామున కాబట్టి అవి ఆ వేళ ఎక్కువ. యంత్రపు తరంగ దైర్ఘ్యం మారితే చూపే మారిపోతుంది. గాదంకిలోనే ఉన్న చిన్న తరంగ దైర్ఘ్యపు గాలి రేడార్‌కు వానచినుకులు ప్రస్ఫుటంగా కనిపిస్తవి. పెద్ద రేడార్‌కు అవే చినుకులు అంతగా ఆనవు.

ఇంత సూక్ష్మవిచారం అడవి అంచున ఉన్న మనకెందుకని అడగవచ్చును. ఈ ప్రాంతానికి గోదావరి వరద అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో ఆ మట్టం 75.6 అడుగులు ముట్టినది. 2022 జులైలో 71.3 అడుగులు. ఆ నీరంతా భద్రాచలంలో కురిసినది కాదు. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాలు పడమటి దిక్కుగా సాగి ప్రాణహిత, ఇంద్రావతి పరీవాహక ప్రాంతాల మీద కురిపించిన వాన ఇటు దిగి వస్తుంది. ఆ వాయుగుండాలు ఎక్కడికి సాగేదీ, ఎంత బలపడేదీ నేల నుండి పది పదిహేను కిలోమీటర్ల వరకు ఉన్న గాలుల మీద ఆధారపడి ఉంటుంది. గాదంకి రేడార్ భద్రాచలం నీటిమట్టాన్ని చెప్పదు. అది దాని పని కాదు. రుతుపవనపు గాలులు ఎత్తు ఎత్తుకూ ఎట్లా నడుస్తవో, మేఘం లోపల గాలి ఎంత వేగంతో పైకి లేస్తుందో అది నేర్పుతుంది. ఆ జ్ఞానమే వాన రాకను ముందుగా లెక్కకట్టే పద్ధతులకు పునాది. అదే విధంగా, దారి చూపే చేతిఫోను ఉపగ్రహాల నుండి అందుకునే సంకేతం అయనావరణాన్ని దాటి రావాలి. రాత్రి బుడగలు లేచినప్పుడు ఆ సంకేతం మినుకుమినుకుమంటుంది. విమానాలకు దారి చూపే మన దేశపు గగన్ వ్యవస్థ కూడా ఆ మినుకును లెక్కలోకి తీసుకోవలసిందే.

నీటిమట్టపు కొలత ఒక్క అంకె; రేడియోలో చదివిన వెంటనే పడవవానికి, రైతుకు అర్థమవుతుంది. మింటి మారుపలుకు అట్లాంటి అంకె కాదు. అందులో గాలి పాలు ఎంతో, తేమ పాలు ఎంతో, సూర్యుని పాలు, అయస్కాంతపు పాలు, చూచిన కోణపు పాలు, పాలపుంత సడి పాలు ఎంతెంతో విడదీయనిదే దానిని చదివినట్లు కాదు. గట్టిగా పలికినంత మాత్రాన అక్కడ గాలి గట్టిదని గాని, పలుకనంత మాత్రాన అక్కడ ఏమీ లేదని గాని తీర్మానించరాదు. ఆకాశాన్ని అడగడం ఎంత విద్యో, అది ఊరకున్నప్పుడు ఎందుకు ఊరకున్నదో తెలుసుకొనడం అంతకు తక్కువ విద్య కాదు.